ఆలస్యంగా పడే కాలు

చిరంజీవి దరువుకు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, రికార్డింగు షెడ్డు గోడలకి చప్పుడు బయటికి పోకుండా బిగించిన పాత పరుపులూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ చేతులూ, ముఖ్యంగా నీ చెవులూ క్షేమంగా ఉన్నాయనుకుంటున్నాను. చెవుల్లో దూది పెట్టుకుని వాయించరా అంటే నామోషీ అంటావు. ముప్ఫై దాటకుండానే చెవుడొస్తే అప్పుడు తెలుస్తుంది నామోషీ అంటే ఏమిటో.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. మొదట రాసినదాన్ని నేనే చించేశాను. రెండోదాన్ని మీ నాన్నకి చూపిస్తే, చివరిదాకా చదివి, "బాగానే ఉంది, ఇంతకీ ఇందులో విషయం ఎక్కడుంది?" అన్నారు. ఫోన్ చేద్దామంటే మన సంగతి తెలిసిందే. నేను కేకలేస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకని ఇది మూడో ఉత్తరం. ఇందులో నీ పాట గురించి ఒక సంగతి ఉంది. ఆ మాట ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను, మళ్లీ దాటేయకుండా. కానీ నువ్వు చివరికి గెంతకు. నేను అక్కడికి నెమ్మదిగా వస్తేగానీ రాలేను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు గొణుగుతుంది. డాక్టరమ్మ పని తగ్గించమంది. ఏం పని చేస్తారంటే డ్రమ్స్ వాయిస్తానన్నాను. నా నెరిసిన జుట్టు చూసి, "మీరా, మీ అబ్బాయా?" అంది. "మా అబ్బాయి కూడా" అన్నాను. ఆ 'కూడా' అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో ఆవిడకి తెలియదు. నీకూ చెప్పి ఉండను.

మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళ రికార్డు ఏమైందని అడిగావు. అయింది, నా ప్రాణం తీసి అయింది. ముగ్గురూ మన షెడ్డులో చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి, నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. "ప్రొడ్యూసర్‌గారూ, మా పెద్దావిడని కాస్త నెమ్మదిగా పాడమనండి." పెద్దావిడ పక్కనే ఉంది, వింటోంది. అయినా నేను తిరిగి, "నెమ్మదిగా పాడాలట" అని చెప్పాలి. ప్రొడ్యూసరంటే మీటలు తిప్పేది అనుకుంటారు గానీ, సగం నర్సు పని, సగం పంచాయితీ పెద్ద పని. చివరి పాట మాత్రం ముగ్గురూ ఒకే ఊపిరితో పాడారు. పాడి, మళ్లీ ముఖాలు తిప్పుకున్నారు. ఆ రికార్డు ఎవరు కొంటారో నాకు తెలియదు. పెళ్లిళ్ళకి పనికిరాదు, బస్సుల్లో వేయరు. మనం చేసే సంగీతం సంగతి కొత్తేముంది?

మీ బృందంలోని గిటారు అబ్బాయి, నాకు మొదటి పని ఎలా దొరికిందని అడిగాడన్నావు. చెప్పు అతనికి. నేను స్టూడియోలో ఫోనెత్తే పని చేసేదాన్ని. ఒకరోజు ఓ బృందంలో డ్రమ్స్ వాయించేవాడు అలిగి, కర్రలు విసిరేసి వెళ్లిపోయాడు. "వాయించేవాళ్ళెవరైనా తెలుసా?" అని నన్నడిగారు. "నేనున్నాగా" అన్నాను. అందరూ నవ్వారు. వాయించాక నవ్వలేదు. ఒకడు నవ్వాడు గానీ, వాడు దేనికైనా నవ్వే రకం. ఆ నవ్వేవాడే ఇప్పుడు గడ్డం పెంచి పెద్ద ప్రొడ్యూసరయ్యాడు. మేమంతా గడ్డం అనే పిలుస్తాం.

అప్పటినుంచీ అదే బతుకు. పిలిస్తే వెళ్లాలి, వాళ్ళకి కావలసింది వాయించాలి, టీ తాగాలి, వచ్చెయ్యాలి. పాట ఎవరిదని అడగకూడదు, నాదని చెప్పకూడదు. కొన్ని రికార్డుల మీద నా పేరు చీమతలకాయంత ఉంటుంది. కొన్నిటి మీద అదీ ఉండదు. ఎందుకుండదో కూడా మీ గిటారు అబ్బాయికి చెప్పు, ఎప్పుడో ఒకప్పుడు తెలియాలి. ఒకరు వాయించింది ప్రొడ్యూసరుకి నచ్చదు. వాళ్ళ మొహం మీద చెప్పలేడు. వాళ్ళు ఇంటికి వెళ్లాక నాలాంటిదాన్ని పిలిచి, అదే మళ్లీ వాయించి పెట్టమంటాడు. రికార్డు వచ్చాక వాళ్ళు విని, "అబ్బ, ఎంత బాగా వాయించాను!" అనుకుంటారు. ఎవరూ ఏమీ చెప్పరు. మేం దాన్ని అతుకు పని అంటాం. నేను చాలా చేశాను. ఎప్పుడూ తప్పనిపించలేదు. చిరిగిన చొక్కా కుట్టిచ్చే దర్జీ, ఈ కుట్టు నాదని చొక్కా మీద రాసుకుంటాడా?

ఇక నీ ఉత్తరంలోని ఆ మాట. ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర కాగితం చిరిగిపోతోంది. "అమ్మా, ఎక్కడ రికార్డు చేస్తున్నామో అడక్కు. నువ్వొచ్చి వింటే నా చేతులు నీ మాట వింటాయి. ఇందులో ఒక పాట ఉంది, అదే ముందు వస్తుంది. దాంట్లో మొదటిసారి నీలా కాకుండా నాలా వాయించాను." అలా రాశావు. నేను అడగలేదు. కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజం. నీలా కాకుండా అంటే, నాలా ఉంటే ఏం పోయింది? అని మీ నాన్నని రెండు రోజులు సతాయించాను. ఆయన బాగుచేద్దామని విప్పిపెట్టిన ఫ్రిజ్ ముందు కూర్చుని, "వాడి వయసులో నువ్వు మీ అమ్మలా వండావా?" అన్నారు. వండలేదు. ఆవిడలా ఎవరూ వండకూడదు కూడా. దాంతో నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి గడ్డం ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక పాట ఇరుక్కుపోయింది. పిల్లల బృందం. అంతా బాగుంది, డ్రమ్స్ ఒక్కటి కుంటుతోంది. వచ్చి ఒకసారి సరిచేసి పెడుదూ."

"పిల్లలకి చెప్పావా?"

"చెప్తే ఏడుస్తారక్కా. ఆ పొడుగోడు మరీ మంచోడు."

పొడుగోడు అన్నాడు. మన ఇంట్లో నువ్వు ఎప్పటికీ పొట్టోడివే కదరా. నాకెలా తడుతుంది?

వెళ్లాను. గడ్డం స్టూడియో నువ్వు చూసిందే కాబట్టి వర్ణించను. మీరు వాయించిన డ్రమ్స్ అలాగే ఉన్నాయి, మైకులు కూడా పెట్టినచోటే ఉన్నాయి. పాటలో ఇంకా గొంతు లేదు, ఒక గిటారు, డ్రమ్స్ మాత్రమే. విన్నాను. పల్లవికి వచ్చేముందు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. నేను నవ్వాను. నవ్వానురా. "ఎవడయ్యా ఈ కుంటి గుర్రం?" అన్నాను. గడ్డం కూడా నవ్వాడు, వాడికేం, నవ్వుతూనే ఉంటాడు.

తల్లినై ఉండి పోల్చుకోలేదా అని నువ్వు అడుగుతావు. అదే నన్ను నేను అడుగుతున్నాను. రోజూ అడుగుతున్నాను. నువ్వు ఇంట్లో ఉన్నంతకాలం నీ కాలు అలా పడినప్పుడల్లా, "లాగకు, లాగకు" అని నీ వెనక నిలబడి అరిచాను. నువ్వు సరిచేసుకున్నావు. వెళ్లేనాటికి గడియారంలా వాయించేవాడివి. నాకు తెలిసిన నువ్వు ఆ గడియారానివే. ఆ ఆలస్యాన్ని నువ్వు ఎక్కడో దాచి, మాకు దూరంగా తీసుకెళ్లి పెంచి పెద్దదాన్ని చేస్తావని నేనెలా అనుకుంటాను? ఇది సాకేమో. సాకో నిజమో నాకే తెలియడం లేదు.

సరే, సరిగ్గా వాయించాను. తప్పు లేదు, ఎక్కడిదక్కడ పడింది. విని చూస్తే పాట చచ్చి ఊరుకుంది. గడ్డం గడ్డం గోక్కున్నాడు. "అక్కా, సరిగ్గానే ఉంది గానీ... బాలేదు" అన్నాడు. నాకూ బాలేదు. ఆ కుంటి నడకే ఆ పాటకి ప్రాణం. అది తీసేస్తే ఇంకేం లేదు. అప్పుడైనా కర్రలు కింద పెట్టి, ఆ అబ్బాయి వాయించిందే ఉంచు అని వచ్చేయాలి కదా? వచ్చేయలేదు. ఎవడో పిల్లాడు చేసింది నా వల్ల కాకపోవడమేంటని పంతం పట్టింది. ఆ ఆలస్యాన్నే ఇంకాస్త పొందిగ్గా వాయించి చూపిస్తాను అన్నాను.

రాదే! లెక్కపెట్టి కొడితే లెక్కలా వినిపిస్తోంది. లెక్క మానేస్తే నా కాలు ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. ఎన్నిసార్లు చేశానో. మోకాలు నొప్పెట్టి, కాస్త ఉపశమనంగా ఉంటుందని స్టూలు అంచుకి జరిగి, కాలు చాపి, మునివేళ్ళతో పెద్ద డ్రమ్ము పెడల్ అందుకున్నాను. అంతే. ఆలస్యం దానంతటదే వచ్చి కూర్చుంది.

స్టూలు అంచు, చాపిన కాలు, అందీ అందని పెడల్. అప్పుడు తెలిసింది, చెవికి కాదు, నా కాలికి. ఆరేళ్ళ వయసులో నువ్వు నా డ్రమ్స్ ఎక్కి కూర్చునేవాడివి. పెడల్ అందేది కాదు. కొట్టాల్సి వచ్చినప్పుడల్లా అంచుకి జారి, బొటనవేలితో దాన్ని వెతుక్కునేవాడివి. నీ ఎర్ర రబ్బరు చెప్పు ఊడి కింద పడేది. ఆ వెతుకులాటే ఆ ఆలస్యం. కాళ్ళు పొడుగయ్యాయి గానీ అది పోలేదన్నమాట. ఒరేయ్ నాన్నా, అది నువ్వు.

ఇప్పుడు అసలు సంగతి. ముందు రెండు ఉత్తరాలూ పక్కన పడేసింది దీనికోసమే. నువ్వని తెలిశాక కూడా నేను ఆపలేదు. పాట ఇంకా సగం ఉంది. పాట మధ్యలో ఆపకూడదని నీకు నేర్పింది నేనే. ఆ మాటే కారణమని చెప్పుకోవచ్చు. కానీ అది కాదు. నాకు బాగుందిరా. నీ లోపల కూర్చుని వాయిస్తున్నట్టుంది. నువ్వు వెళ్లిన తర్వాత నీ పక్కన అంత దగ్గరగా ఎప్పుడూ లేను. ఏడుస్తూ చివరిదాకా వాయించాను. గడ్డం అద్దం అవతల లేచి నిలబడి రెండు బొటనవేళ్ళూ చూపించాడు.

బయటికి వచ్చి అడిగాను. "ఈ అబ్బాయి ఎలా ఉంటాడు?"

"ఎలా ఉండటమేంటి? పొడుగ్గా ఉంటాడు. ఆఁ, ఒకటి మాత్రం అచ్చం నీలాగే అక్కా. లోపలికి రాగానే బూట్లిప్పి, అదనపు కర్రలు అందులో నిలబెడతాడు. మర్చిపోకుండా ఉండటానికట. నీ దగ్గర నేర్చుకున్నాడా ఏంటి?"

గుమ్మం దగ్గర నా బూట్లున్నాయి. అందులో నా కర్రలు నిలబడి ఉన్నాయి. గడ్డం వాటి వైపు చూశాడు, నా వైపు చూశాడు. వాడు నవ్వకపోవడం చూడటం నాకు అదే మొదటిసారి.

"నాది తీసెయ్" అన్నాను. "వాడు వాయించిందే పెట్టు."

"అలాగే అక్కా, తప్పకుండా" అని కంప్యూటర్ తెరిచాడు. తెరిచి అలా చూస్తూ ఉండిపోయాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఉన్న పాడు అలవాటు నీకు తెలుసు. ఒకదానికి 'ఫైనల్' అని పేరు పెడతాం. ఇంకాస్త దిద్దాక 'ఫైనల్ కొత్తది' అంటాం. ఆ తర్వాత 'అసలు ఫైనల్'. అంతకుముందు నేను ఏడ్చిన ముఖం కడుక్కుని బయటికి వచ్చేలోపే గడ్డం ఉత్సాహంగా నాది కూడా సర్ది, అన్నీ వేరే డిస్కులోకి మార్చి, పాతవి తుడిచేశాడు. నేను చెడగొట్టినవన్నీ పారేస్తే మిగిలినవి రెండు. ఒకటి 'అసలు ఫైనల్', ఇంకొకటి 'ఇదే అసలు ఫైనల్'. డిస్కు మార్చడంతో రెండింటి తేదీ ఒకటే, పొడవూ ఒకటే. వాయించింది అవే డ్రమ్స్ మీద, అవే మైకుల ముందు.

"ఏది నాది?"

"నీకు తెలియదా అక్కా?"

"నీకు తెలియదా?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఒకటి వేశాడు. "ఇది మావాడే" అన్నాను, రూఢిగా. రెండోది వేశాడు. అదీ నువ్వే. మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. కళ్ళు మూసుకుని విన్నాను, గోడవైపు తిరిగి విన్నాను. ఏది వేస్తే అందులో నువ్వే వినిపిస్తున్నావు. నేనెక్కడికి పోయాను? ఇన్నేళ్ళు వాయించినదాన్ని, నా చెయ్యి నేను గుర్తుపట్టలేకపోతే నేను ఎవర్ని? పోనీ నీ చెయ్యి నేను గుర్తుపట్టలేకపోతే నీకు ఏమవుతాను?

గడ్డం చివరికి జేబులోంచి నాణెం తీశాడు. "బొమ్మా బొరుసా వేద్దాం అక్కా. ఏది పడితే అది. ఆ అబ్బాయికి ఎలాగూ తెలియదు." నేను బొమ్మ అన్నాను. నిజంగా అన్నానురా, సిగ్గు లేకుండా. నాణెం ఎగిరి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి గదిలోకి దొర్లి, పెద్ద డ్రమ్ము కిందికి దూరింది. ఇద్దరం మోకాళ్ళ మీద వంగి వెతికాం. అలా వంగి ఉండగా నాకు వెలిగింది, నేనేం చేస్తున్నానా అని. 'మొదటిసారి నాలా వాయించాను' అని రాసిన వాడికి ఎవరి వాయింపు వెళ్తుందో నాణెం చెప్పాలా?

"ఆ అబ్బాయి స్వయంగా చెప్పేదాకా పాట కదలడానికి వీల్లేదు. నేను వాడికి రాస్తాను" అన్నాను.

గడ్డం నేలమీదే కూర్చుని చెప్పాడు. "అక్కా, నువ్వు చెప్తే ఒక్క పాటతో పోదు. చెప్పే మనిషివని పేరొస్తే నిన్నింకెవరూ పిలవరు. మన పనంతా నోరు మూసుకోవడం మీదే నడుస్తోంది."

"పిలవకపోతే మానె."

ధీమాగానే అన్నాను. దారంతా నెలకి ఎన్ని పిలుపులొస్తాయో లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఆ నాణెం దొరకలేదు, ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.

ఇంటికొచ్చి మీ నాన్నకి అంతా చెప్పాను. శ్రద్ధగా విని, "రెండూ ఒకేలా ఉంటే ఇంక గొడవేంటి?" అన్నారు. ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని తెలుసు, ఎక్కడ పెట్టానో తెలియదు. చెప్పడం మంచిదా, చెప్పకపోవడం మంచిదా? చెప్తే నీ పాట నీకు చేదవుతుంది. చెప్పకపోతే నీ జీవితంలో మొదటి రికార్డు వింటూ, "అమ్మా, విన్నావా, ఇది నేను" అంటావు. నేను అవునని తలూపాలి. ఆ తలూపడం నా వల్ల కాదు. ఇంత గందరగోళంలో నాకు తెలిసింది అదొక్కటే.

రెండూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకటి, రెండు అని పేరు పెడితే ఒకటే గొప్పదనుకుంటావని, ఒకదానికి వంకాయ అనీ రెండోదానికి బెండకాయ అనీ పెట్టాను. నీకు రెండూ పడవు కాబట్టి పక్షపాతం ఉండదు. నీకు కోపం వస్తుంది. రానీ. నన్ను తిట్టాలనిపిస్తే మాత్రం ఉత్తరం వద్దు, ఫోన్ చెయ్యి. ఈసారి కేకలెయ్యను, చివరిదాకా వింటాను.

ఒక్క మాట. వాటిని ఊరికే వినకు. వింటే నాకు పట్టిన గతే నీకూ పడుతుంది. డ్రమ్స్ ముందు కూర్చుని, రెండింటితో పాటూ వాయించు. చెవి మోసపోతుంది గానీ కాలు మోసపోదు. ఒకదానిలో ఆ ఆలస్యం దగ్గర నీ కాలు ఏమీ వెతుక్కోకుండా వెళ్లి పడుతుంది. అది నీది. రెండోదాన్ని పారెయ్.

నేనూ అలాగే చేసి చూశాను, నిన్న మన షెడ్డులో. నాది దొరికితే నీది తేలిపోతుంది కదా అని. వంకాయతో వాయించాను, నా కాలు వెతుక్కుంది. బెండకాయతో వాయించాను, వెతుక్కుంది. రెండింట్లో ఒకటి నేను వాయించిందే కదరా? నేను వాయించినదాని దగ్గరే నా కాలు, పెడల్ అందని పిల్లాడి కాలులా, ఎందుకు వెతుక్కోవాలి? నాకేమీ అర్థం కావడం లేదు. నీకు అర్థమైతే చెప్పు.

ఇంటికి వచ్చేటప్పుడు బూట్లలో కర్రలు చూసుకో.

ఇట్లు,
ఈసారి నీకంటే ఒక్క దెబ్బ వెనకబడిన
అమ్మ